సముద్ర చట్టం, చేపల వేట, వేడెక్కుతున్న నీళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సముద్రపు హద్దుల గురించి, చేపల కోటాల గురించి ఎప్పుడు మాట్లాడినా ఇవే అనుమానాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అందుకే అన్నీ ఒక చోట పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదివినా అర్థమయ్యేలా రాశాను కాబట్టి మీకు కావాల్సిన దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను. నీళ్లలో గీతలు ఎక్కడున్నాయన్న దాని మీద జరిగినంత చర్చ, ఆ గీతలు దాటి వెళ్లిపోతున్న చేపల మీద జరగట్లేదు. నా బాధంతా అదే.

## మొదటి మెట్టు: సముద్రం ఎవరిది?

తీరం ఉన్న దేశానికి సముద్రంలో ఎంత దూరం వరకు హక్కు ఉంటుంది?

మొదటి 12 నాటికల్ మైళ్లు ప్రాదేశిక జలాలు. అక్కడ ఆ దేశానికి నేల మీద ఉన్నట్టే అధికారం ఉంటుంది, కాకపోతే ఇతర దేశాల ఓడలు ఎవరి జోలికీ పోకుండా దాటి వెళ్లొచ్చు. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు ప్రత్యేక ఆర్థిక మండలి. అంటే సుమారు 370 కిలోమీటర్లు (ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు). ఆ నీళ్లు దేశం సొంత భూభాగం కాదు, కానీ అందులోని చేపలు, అడుగున ఉన్న చమురు, గ్యాస్ మీద హక్కు మాత్రం ఆ దేశానిదే. ఇదంతా 1982 డిసెంబర్ 10న జమైకాలోని మాంటెగో బేలో సంతకాలు జరిగి, 1994 నవంబర్ 16న అమల్లోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందంలో ఉంది.

"తీరం నుంచి" అంటే సరిగ్గా ఎక్కడి నుంచి? అలలు ముందుకీ వెనక్కీ పోతుంటాయి కదా?

ఆటు సమయంలో నీళ్లు బాగా వెనక్కి తగ్గినప్పుడు తీరం ఎక్కడ కనిపిస్తుందో, దేశం అధికారిక మ్యాపులో గుర్తించిన ఆ గీత నుంచి కొలుస్తారు. దీన్నే బేస్‌లైన్ అంటారు. తీరం బాగా వంకరటింకరగా ఉంటే, డెల్టాలు ఉంటే, కొన్ని బిందువులను కలుపుతూ సరళరేఖలు గీసుకునే వీలుంది. ఇంకో తమాషా సంగతి: పోటు వచ్చినప్పుడు మునిగిపోయి, ఆటులో మాత్రమే తల బయటపెట్టే రాతిగుట్ట తీరానికి 12 మైళ్ల లోపు ఉంటే దాన్నుంచి కూడా కొలవచ్చు. అంటే రోజులో కొన్ని గంటలు మాత్రమే కనిపించే ఒక రాయి దేశం హద్దును ముందుకు జరపగలదు. సముద్రమట్టం కాస్త పెరిగిందంటే మొదట మాయమయ్యేది కూడా ఇలాంటి రాయే.

చిన్న బండరాయి ఉంటే చాలు, చుట్టూ 200 మైళ్లు వచ్చేస్తాయా?

రావు. మనుషులు నివసించడానికి గానీ సొంతంగా ఆర్థిక జీవనం సాగడానికి గానీ వీల్లేని రాళ్లకు ప్రత్యేక ఆర్థిక మండలి ఉండదని సముద్ర చట్టాల ఒప్పందంలోని 121వ అధికరణ చెబుతోంది. వాటికి 12 మైళ్లే. తేడా ఎంతో లెక్కేసి చూడండి. నడిసముద్రంలో ఒంటరిగా ఉన్న రాయి చుట్టూ 12 మైళ్ల వృత్తం గీస్తే దాదాపు 1,550 చదరపు కిలోమీటర్లు వస్తుంది. అదే 200 మైళ్లయితే సుమారు 4,31,000 చదరపు కిలోమీటర్లు. అందుకే రాళ్ల చుట్టూ అంత కాంక్రీటు పోస్తుంటారు. ఫిలిప్పీన్స్ చైనా మీద వేసిన దక్షిణ చైనా సముద్రం కేసులో 2016 జులై 12న ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ ఈ నిబంధనను చాలా గట్టిగా అన్వయించింది. కృత్రిమంగా పోసిన మట్టిని కాదు, సహజంగా ఉన్న స్థితినే చూడాలని చెప్పింది. చైనా ఆ తీర్పును ఒప్పుకోలేదు.

అమెరికా ఈ ఒప్పందంలోనే లేదంట కదా, మరి దీనికి విలువేముంది?

లేదు, నిజమే. అయినా 160కి పైగా దేశాలు, యూరోపియన్ యూనియన్ ఇందులో ఉన్నాయి. 12 మైళ్లు, 200 మైళ్లు లాంటి ముఖ్యమైన నిబంధనలు ఎంతగా అలవాటైపోయాయంటే, అందరూ పాటించే ఆచార చట్టంగా అమెరికా కూడా వాటిని గుర్తిస్తోంది. పైగా 1995 నాటి చేపల నిల్వల ఒప్పందంలో అమెరికా సభ్యదేశమే.

## రెండో మెట్టు: చేపల లెక్క

మన 200 మైళ్లే కదా, ఎన్ని చేపలైనా పట్టుకోవచ్చా?

పట్టుకోకూడదు. ఏ చేపను ఏడాదికి ఎంతవరకు పట్టొచ్చో తీరదేశం పరిమితి పెట్టాలి, అది కూడా అందుబాటులో ఉన్న మంచి శాస్త్రీయ సమాచారం ఆధారంగా. చేపలు తగ్గిపోకుండా చూడటం హక్కుతో పాటు వచ్చిన బాధ్యత. చట్టం ఇలా ఉన్నా, ప్రపంచంలో శాస్త్రీయంగా లెక్కేసిన చేపల నిల్వల్లో మూడో వంతుకు పైగా మితిమీరిన వేటకు గురైనవేనని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చెబుతోంది. కెనడాలో న్యూఫౌండ్‌ల్యాండ్ దగ్గర కాడ్ చేపలు ఎంతలా అడుగంటిపోయాయంటే 1992లో ఏకంగా వేటనే నిషేధించాల్సి వచ్చింది, సుమారు 30,000 మంది ఉపాధి పోయింది. 200 మైళ్ల హక్కు చేతిలో ఉన్న దేశంలో జరిగింది ఇది.

200 మైళ్ల అవతల ఎవరైనా ఎంతైనా పట్టుకోవచ్చు కదా?

వేటాడే స్వేచ్ఛ ఉంది గానీ షరతులతో. మండలి లోపలికీ బయటికీ తిరిగే చేపల కోసం, ట్యూనా లాగా మహాసముద్రాలే చుట్టేసే చేపల కోసం ప్రాంతీయ సంస్థలు ఉన్నాయి. హిందూ మహాసముద్రపు ట్యూనాకు సీషెల్స్‌లో, అట్లాంటిక్ ట్యూనాకు మాడ్రిడ్‌లో, పశ్చిమ మధ్య పసిఫిక్‌కు మైక్రోనేషియాలోని పోన్‌పేలో ఒక్కో కమిషన్ ఉంది. 1995 నాటి చేపల నిల్వల ఒప్పందం ప్రకారం, ఆ సంస్థలో చేరని, దాని నిబంధనలు పాటించడానికి కూడా ఒప్పుకోని సభ్యదేశం ఓడలకు ఆ చేపల మీద వేట హక్కు లేదు. చిక్కు ఎక్కడంటే, చాలా సంస్థల్లో నిర్ణయాలు అందరూ ఒప్పుకుంటేనే ముందుకు కదులుతాయి. ఒక్క దేశం మొండికేస్తే ఏడాది గడిచిపోతుంది. చేప మాత్రం ఆ ఏడాది ఆగదు.

వేరే దేశం మండలిలో వేటాడుతూ దొరికితే ఆ జాలర్లను జైల్లో పెట్టొచ్చా?

ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల నిబంధనలు ఉల్లంఘించినందుకు జైలు శిక్ష వేయకూడదని సముద్ర చట్టాల ఒప్పందంలోని 73వ అధికరణ చెబుతోంది, ఆ రెండు దేశాలూ వేరేగా ఒప్పుకుని ఉంటే తప్ప. కొట్టడం లాంటి శారీరక శిక్షలైతే ఏ ఒప్పందంతోనూ కుదరవు. తగిన బాండ్ కట్టగానే ఓడనూ సిబ్బందినీ వెంటనే వదిలేయాలి, పట్టుకున్న సంగతి ఆ ఓడ ఏ జెండాతో తిరుగుతోందో ఆ దేశానికి తెలియజేయాలి. వదలకపోతే హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర చట్టాల ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. ఆ ట్రిబ్యునల్ మొట్టమొదటి తీర్పు (1997 డిసెంబర్ 4, సైగా ఓడ కేసు) ఇలాంటి విడుదల గురించే. ఒక్కటి గుర్తుంచుకోండి, ఇదంతా 12 మైళ్ల అవతలి మండలికి సంబంధించిన రక్షణ. 12 మైళ్ల లోపల దొరికితే ఇది వర్తించదు.

దొంగచాటుగా వేటాడే ఓడలను నడిసముద్రంలో ఎవరు పట్టుకుంటారు?

నడిసముద్రంలో పట్టుకోవడం కష్టం. ఓడను అదుపులో పెట్టాల్సిన మొదటి బాధ్యత దాని జెండా దేశానిది, అంటే అది ఏ దేశం జెండాతో తిరుగుతోందో ఆ దేశానిది. ఆ బాధ్యత నామమాత్రం కాదని, తగినంత శ్రద్ధ చూపించాల్సిందేనని హాంబర్గ్ ట్రిబ్యునల్ 2015 ఏప్రిల్‌లో చెప్పింది. అసలు దెబ్బ పడేది రేవులో. ఎన్ని రోజులు తిరిగినా ఓడ ఎక్కడో ఒక చోట సరుకు దించాలి, డీజిల్ పోయించుకోవాలి. 2016 జూన్ 5న అమల్లోకి వచ్చిన రేవు దేశాల ఒప్పందం ప్రకారం, అలాంటి ఓడను రేవులోకి రానివ్వకుండా ఆపొచ్చు, వచ్చాక తనిఖీ చేయొచ్చు, చేపలు దించనివ్వకపోవచ్చు. నా దృష్టిలో ఈ రంగంలో పనికొచ్చే ఒప్పందాల్లో ఇదొకటి, ఎందుకంటే దొంగ వేటలో లాభం మీదే నేరుగా కొడుతుంది.

వేటకు ప్రభుత్వాలు ఇచ్చే సబ్సిడీల మీద ఏదో ఒప్పందం వచ్చిందట?

అవును, ప్రపంచ వాణిజ్య సంస్థలో 2022 జూన్ 17న కుదిరింది, 2025 సెప్టెంబర్ 15న అమల్లోకి వచ్చింది. అక్రమ వేటకు, ఇప్పటికే అడుగంటిన చేపల వేటకు, ఎవరి నియంత్రణా లేని అంతర్జాతీయ జలాల్లో వేటకు సబ్సిడీలు ఇవ్వకూడదు. అవసరానికి మించి ఓడలు పెరగడానికి కారణమయ్యే సబ్సిడీల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. అమల్లోకి వచ్చిన నాలుగేళ్లలో అది కూడా తేల్చకపోతే, సభ్యదేశాలు వేరేగా నిర్ణయిస్తే తప్ప, ఒప్పందమే రద్దవుతుంది.

## మూడో మెట్టు: నీళ్లు వేడెక్కితే చేపకేమవుతుంది?

ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే చేపకు అంత తేడా పడుతుందా?

చాలా పడుతుంది. చేపకు మనలాగా ఒంటి వేడిని నిలబెట్టుకునే ఏర్పాటు లేదు, చుట్టూ నీళ్లు ఎంత వేడిగా ఉంటే దాదాపు దాని ఒళ్లూ అంతే. వేడి పెరిగితే ఒంట్లో పని వేగం పెరుగుతుంది, తిండి ఎక్కువ కావాలి, ఆక్సిజన్ ఎక్కువ కావాలి. కానీ వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. రెండు వైపులా నొక్కేస్తుంది అన్నమాట.

అలాస్కా పక్కనున్న బేరింగ్ సముద్రంలో స్నో క్రాబ్ పీతలకు జరిగింది చూడండి. అవి గడ్డకట్టేంత చల్లటి నీళ్లలో అడుగున బతుకుతాయి. నీరు సున్నా నుంచి 3 డిగ్రీలకు వెళ్తే వాటికి కావాల్సిన తిండి దాదాపు రెట్టింపవుతుంది. 2018, 2019ల్లో ఆ సముద్రం విపరీతంగా వేడెక్కింది, అప్పుడే పీతల సంఖ్య కూడా బాగా ఎక్కువగా ఉంది. 2018లో పట్టి తూచిన పీతలు అదే సైజు డిప్పతో, మునుపటి కంటే తక్కువ బరువు తూగాయి. డిప్ప అలాగే ఉంది, లోపల కండ లేదు. ఆకలితో చచ్చిపోయాయి. సుమారు వెయ్యి కోట్ల పీతలు మాయమయ్యాయి. 2022 అక్టోబర్‌లో అలాస్కా చరిత్రలో మొదటిసారి స్నో క్రాబ్ వేట సీజన్‌నే రద్దు చేశారు. అక్కడ చట్టం ఉంది, శాస్త్రవేత్తలు ఉన్నారు, ఏటా సర్వే ఉంది. అయినా కాపాడలేకపోయారు.

వేడి ఒక్కటేనా సమస్య?

కాదు. గ్రీన్‌హౌస్ వాయువుల వల్ల భూమి మీద పోగైన అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగింది. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు కూడా అదే పీల్చుకుంటోంది. ఆ వాయువు నీళ్లలో కరిగి ఆమ్లంగా మారుతుంది. పారిశ్రామిక విప్లవం నుంచి సముద్ర ఉపరితలం పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే కొలత, ఇది తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు) సుమారు 8.2 నుంచి 8.1కి తగ్గింది. చూడ్డానికి చిన్న అంకె, కానీ ఆ కొలత పద్ధతి ప్రకారం ఆమ్లత్వం పావు వంతుకు పైగా పెరిగినట్టు. గుల్లలు, పగడాలు సున్నంతో ఒళ్లు కట్టుకునే జీవులు, వాటికి ఇది నేరుగా దెబ్బ.

చేపలు నిజంగానే ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లిపోతున్నాయా?

వెళ్తున్నాయి. 1950ల నుంచి చూస్తే పైనీళ్లలో తిరిగే జీవులు సగటున దశాబ్దానికి 50 కిలోమీటర్ల చొప్పున ధ్రువాల వైపు జరుగుతున్నాయని ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం) నివేదిక చెప్పింది. అందరికీ తెలిసిన ఉదాహరణ ఈశాన్య అట్లాంటిక్ మాకరెల్. ఇది మన కానాగంతకు దూరపు చుట్టం. 2007 ప్రాంతం నుంచి ఇది గుంపులు గుంపులుగా ఐస్‌లాండ్ జలాల్లోకి రావడం మొదలైంది. వేడి ఒక్కటే కారణం కాదు, మందలు పెద్దవి కావడం, మేత కోసం వెతుక్కోవడం కూడా ఉన్నాయి. అంతకుముందు ఈ చేపను దాదాపు పట్టని ఐస్‌లాండ్, 2008కి లక్ష టన్నులు దాటేసింది.

యూరోపియన్ యూనియన్, నార్వే "ఇది మేం ఎప్పటి నుంచో పంచుకుంటున్న చేప" అన్నాయి. ఐస్‌లాండ్ "మా నీళ్లలో మా మేత తింటోంది" అంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. చివరికి ఎవరి కోటా వాళ్లు వేసుకున్నారు, అన్నీ కలిపితే శాస్త్రవేత్తలు చెప్పిన పరిమితి దాటిపోయింది, ఏళ్ల తరబడి దాటుతూనే ఉంది. 2019లో ఈ చేపకు ఉన్న సుస్థిర వేట సర్టిఫికెట్‌ను కూడా నిలిపేశారు. ఆ గొడవలో పడ్డ దేశాలన్నీ చదువుకున్నవీ, డబ్బున్నవీ, మంచి స్నేహితులూ. వాళ్ల మధ్యే ఇలా అయితే మిగతా చోట్ల పరిస్థితి తలుచుకుంటేనే నాకు టెన్షన్.

మా నీళ్లలో పుట్టి పెరిగిన చేపలు పక్క దేశానికి వెళ్లిపోతే, వాటి మీద మాకింకా హక్కు ఉంటుందా?

సాధారణంగా ఉండదు. చేప ఎక్కడ ఉంటే అక్కడి దేశానిది. నదిలో పుట్టి సముద్రంలో పెరిగే సాల్మన్ లాంటి చేపల విషయంలో మాత్రమే, పుట్టిన నది ఉన్న దేశానికి ప్రధాన బాధ్యత, ఆసక్తి ఉంటాయని ఒప్పందం గుర్తించింది. రెండు దేశాల జలాల్లో తిరిగే చేపల గురించి 63వ అధికరణ చెప్పేది ఏంటంటే, ఆ దేశాలు కలిసి ఒక అంగీకారానికి రావడానికి ప్రయత్నించాలి. ప్రయత్నించాలి, అంతే. అంగీకారం కుదరకపోతే ఎవరికెంత అన్నది అక్కడ రాసి లేదు. 1982లో ఇది రాసినవాళ్లు చేపల మందలు కాస్త అటూ ఇటూ తిరుగుతాయని ఊహించారు గానీ, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతాయని అనుకోలేదు.

ట్యూనా మీద బతికే పసిఫిక్ దీవుల సంగతేంటి?

వాళ్లదే అన్నిటికంటే పెద్ద అన్యాయం. నౌరు ఒప్పందంలోని 8 దేశాలు 2007 నుంచి వేట రోజులను అమ్ముతున్నాయి. విదేశీ ఓడ తమ జలాల్లో ఒక రోజు వేటాడాలంటే ఇంత అని కట్టాలి. కొన్ని దేశాలకు ప్రభుత్వ ఆదాయంలో పెద్ద భాగం దీన్నుంచే వస్తుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ స్కిప్‌జాక్ ట్యూనా తూర్పు వైపు, 200 మైళ్లు దాటి అంతర్జాతీయ జలాల్లోకి జరుగుతుందని అంచనాలు. అదే జరిగితే చేప సముద్రంలోనే ఉంటుంది, ఓడలూ పడుతూనే ఉంటాయి, రోజులు అమ్ముకునే దేశానికి మాత్రం డబ్బు రాదు. ఈ వేడికి ఆ దీవులు చేసిందంటూ దాదాపు ఏమీ లేదు.

## నాలుగో మెట్టు: మునిగే నేల, కదిలే గీత

సముద్రమట్టం పెరిగితే దేశం హద్దు కూడా వెనక్కి జరుగుతుందా?

తీరం వెనక్కి పోతే బేస్‌లైన్ కూడా వెనక్కి పోవాలి, దాంతో 200 మైళ్ల గీతా జరగాలి అని కొందరు చాలాకాలం వాదించారు. ఇప్పుడు గాలి అటు లేదు. ఒకసారి సరిగ్గా ప్రకటించి ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన తమ హద్దులు సముద్రమట్టం పెరిగినా అలాగే ఉంటాయని 2021 ఆగస్టు 6న పసిఫిక్ దీవుల ఫోరం ప్రకటించింది. 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం కూడా, పద్ధతి ప్రకారం స్థిరపరిచిన మ్యాపులను, అక్షాంశ రేఖాంశాల జాబితాలను సముద్రమట్టం పెరిగిందని మళ్లీ మార్చాల్సిన పని లేదని చెప్పింది. కాబట్టి ఇంకా మ్యాపులు ప్రకటించని దేశాలు ఇప్పుడే ఆ పని చేసుకోవడం మంచిది.

రెండు దేశాల మధ్య ఇప్పటికే తేల్చుకున్న సముద్ర సరిహద్దు మాటేంటి?

అది మారదు. భారత్, బంగ్లాదేశ్ కేసులో 2014 జులై 7న ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ ఈ సంగతే చెప్పింది. వాతావరణ మార్పు పేరుతో స్థిరపడ్డ సరిహద్దులను కదిలించకూడదని. ఆ కేసులోనే ఒక దీవి కథ ఉంది. మనం న్యూ మూర్ అని, వాళ్లు దక్షిణ తల్పట్టి అని పిలిచిన ఇసుక దిబ్బ 1970 తుఫాను తర్వాత బయటపడింది, రెండు దేశాలూ మాదంటే మాదని పట్టుబట్టాయి, తీర్పు వచ్చేసరికి అది నీళ్లలో కలిసిపోయింది.

దేశం మొత్తం మునిగిపోతే ఆ దేశం ఇంక లేనట్టేనా?

నేల పోయినంత మాత్రాన దేశం హోదా పోవాలని లేదని అంతర్జాతీయ న్యాయస్థానం 2025లో చెప్పింది. అంతకుముందే ఆస్ట్రేలియా, తువాలు 2023 నవంబర్‌లో ఫలేపిలి యూనియన్ ఒప్పందం మీద సంతకం చేశాయి. సముద్రమట్టం పెరిగినా తువాలు దేశంగానే కొనసాగుతుందని అందులో రాసుకున్నారు, ఏడాదికి 280 మంది దాకా తువాలు వాళ్లు ఆస్ట్రేలియాలో స్థిరపడే దారీ పెట్టారు.

## ఐదో మెట్టు: కోర్టుల దాకా వెళ్తే

కార్బన్ డయాక్సైడ్‌ను కూడా సముద్ర కాలుష్యం అంటారా? అది గాలిలోది కదా?

అంటారు. సముద్రంలోకి నేరుగా గానీ పరోక్షంగా గానీ మనిషి వల్ల చేరి హాని చేసే "పదార్థాలు లేదా శక్తి" అని ఒప్పందం కాలుష్యాన్ని నిర్వచించింది. కార్బన్ డయాక్సైడ్ పదార్థం, వేడి శక్తి. 1982లో రాసిన ఆ ఒక్క మాట నలభై ఏళ్ల తర్వాత పనికొచ్చింది. చిన్న దీవి దేశాల కమిషన్ అడిగితే, హాంబర్గ్ ట్రిబ్యునల్ 2024 మే 21న ఏకగ్రీవంగా మనిషి వదిలే గ్రీన్‌హౌస్ వాయువులు సముద్ర కాలుష్యమేనని చెప్పింది. చేపల నిర్వహణలో వాతావరణ మార్పును, ఆమ్లీకరణను కూడా లెక్కలోకి తీసుకోవాలని అదే అభిప్రాయంలో ఉంది. వార్తల్లో ఈ రెండో ముక్క ఎవరూ పట్టించుకోలేదు.

వాతావరణ మార్పు మీద కుదిరిన పారిస్ ఒప్పందం పాటిస్తే సరిపోదా?

సరిపోదని ట్రిబ్యునల్ స్పష్టంగా చెప్పింది. సముద్ర చట్టం కింద ఉన్న బాధ్యత వేరు, అది విడిగా నెరవేర్చాలి.

ట్రిబ్యునల్ ఇచ్చింది సలహా అభిప్రాయమే కదా, ఎవరు పాటిస్తారు?

దాన్ని పాటించి తీరాలని ఏ దేశాన్నీ నేరుగా బలవంతం చేయలేరు, నిజం. కానీ చట్టం అర్థం ఇదీ అని అధికారం ఉన్న న్యాయస్థానం చెప్పాక, రేపు అసలు కేసులో, కోటా చర్చల్లో, దేశీయ కోర్టుల్లో అందరూ దాన్నే ముందు పెడతారు. అంతర్జాతీయ న్యాయస్థానం 2025లో ఇచ్చిన అభిప్రాయానికి మూలం పసిఫిక్‌లోని విద్యార్థులు మొదలుపెట్టిన ప్రయత్నం. వనువాటు దేశం దాన్ని ఐక్యరాజ్యసమితి దాకా మోసుకెళ్లింది.

అంతర్జాతీయ జలాల కొత్త ఒప్పందం వచ్చింది కదా, ఇక చేపల గొడవ తీరినట్టేనా?

తీరలేదు. 2023 జూన్ 19న ఆమోదించిన ఆ ఒప్పందం 2026 జనవరి 17న అమల్లోకి వచ్చింది. దాని కింద అంతర్జాతీయ జలాల్లో రక్షిత ప్రాంతాలు ప్రకటించవచ్చు, అది చాలా పెద్ద విషయం. కానీ ప్రాంతీయ చేపల సంస్థల అధికారానికి అడ్డు రాకూడదన్న షరతు ఉంది. కోటాలు వేసేది ఇప్పటికీ ఆ పాత సంస్థలే.

చేప జరిగినా గొడవ పడకుండా పంచుకున్న దేశాలు ఎక్కడైనా ఉన్నాయా?

ఉన్నాయి. రెండు ఉదాహరణలు చెప్తాను.

ఉత్తర ధ్రువం చుట్టూ మంచు కరిగి కొత్తగా నీళ్లు తెరుచుకుంటున్నాయి. అక్కడ వాణిజ్య వేట ఇంకా మొదలుకాకముందే, 2018 అక్టోబర్ 3న గ్రీన్‌ల్యాండ్‌లోని ఇలులిస్సాట్‌లో సంతకాలు చేసి, సుమారు 28 లక్షల చదరపు కిలోమీటర్లలో వేట వద్దని ఒప్పుకున్నారు. అమెరికా, రష్యా, చైనా, యూరోపియన్ యూనియన్ అందరూ ఉన్నారు. 2021 నుంచి 16 ఏళ్ల పాటు అమల్లో ఉంటుంది, ఈలోగా కలిసి పరిశోధన చేస్తారు. ఇంకా ఎవరికీ అక్కడ ఓడ లేదు, పోయే ఆదాయం లేదు, అందుకే ఒప్పుకోవడం కుదిరింది.

రెండోది బారెంట్స్ సముద్రంలోని కాడ్. నార్వే, రష్యా 1970ల మధ్య నుంచి ఉమ్మడి కమిషన్‌లో కూర్చుంటున్నాయి. ముందు ఇతర దేశాలకు కొంత వాటా తీసి పక్కన పెడతారు, మిగిలింది చెరి సగం. ఆ ఏడాది చేప ఎవరి నీళ్లలో ఎక్కువుందన్న ప్రశ్నే రాదు, ఒకరి మండలిలో ఇంకొకరి పడవలు వేటాడే ఏర్పాటు కూడా ఉంది. 2022 తర్వాత రెండు దేశాల మధ్య సంబంధాలు ఎంత చెడినా 2025కి కూడా కలిసే కోటా వేశారు. నిల్వలు తగ్గాయని శాస్త్రవేత్తలు చెబితే 25 శాతం కోసి 3,40,000 టన్నులకు దించారు, ఆ కోత ఇద్దరూ సమానంగా భరించారు.